వంతెన మీది మేడి

రోడ్డు మీద చచ్చిన జంతువులను ఎత్తడం నా పని. ఫోన్ రాగానే బండి తీసుకుని వెళ్తాను. జింక కావచ్చు, నక్క కావచ్చు, ఎప్పుడైనా ఎలుగుబంటి కావచ్చు. వెనక కాళ్ళకు తాడు కట్టి తొట్టిలోకి లాగుతాను. రోడ్డు కడుగుతాను. సున్నం చల్లుతాను. పాత క్వారీ వెనక గుంట తీసి పూడుస్తాను. ఈ పనిలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అందుకే నాకు కుదిరింది.

మా ఊరికి రెండు పక్కలా రెండు కొండలు. పెద్ద కొండ మీద అడవి ఎక్కువ, నీళ్ళు తక్కువ. చిన్న కొండ మీద ఊట ఉంది, ఎండాకాలంలో కూడా ఆరదు. ఆ రెండిటి మధ్య పెద్ద రోడ్డు వేశారు. రోడ్డు వేసిన సంగతి జంతువులకు ఎవరు చెప్తారు? తాతల నాటి దారినే అవి దిగుతాయి. దిగినవాటిలో కొన్ని నా బండి ఎక్కుతాయి.

నాకు ఒక్కతే చెల్లెలు. దానికి ఒక్కడే కొడుకు. పిల్లాడు నడక నేర్వకముందే మొగుడు వదిలేసి పోతే తల్లీ కొడుకూ మా ఇంటికి వచ్చేశారు. నా భార్య పోయాక ఇల్లు నడిపింది చెల్లెలే. ఇంట్లో మాటలన్నీ మాత్రం మేనల్లుడివే. వాణ్ణి వాగుడుకాయ అనేవాళ్ళం. పెద్దవాడయ్యాక బేకరీ బండి నడిపాడు. తెల్లారకముందే రొట్టెలు ఎక్కించుకుని కొండల మధ్య రోడ్డు మీదుగా పక్క ఊళ్ళ దుకాణాలకు వేసి వచ్చేవాడు. వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఏ దుకాణదారు ఏమన్నాడో, ఎవరి కుక్క ఎవరిని కరిచిందో, అన్నీ బయటికి రావలసిందే.

"గోడకి చెప్పినా తిరిగి పలుకుతుంది, మామయ్యా. నువ్వు ఊ అనైనా అనవేం?" అనేవాడు. నేను ఊ అనేవాణ్ణి. "అమ్మా, ఇవాళ మామయ్య ఉపన్యాసం ఇచ్చేశాడు" అని వంటింట్లోకి కేకవేసేవాడు.

ఆ రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. కొండవంపు దగ్గర జింక పడి ఉంది, బళ్ళు ఆగిపోయాయి, తొందరగా రమ్మన్నారు. వెళ్ళాను. జింకకు అవతల, రోడ్డు పక్క కాలవలో, బేకరీ బండి ఒరిగి ఉంది. రొట్టెలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. వాణ్ణి అప్పటికే తీసుకెళ్ళారు. అక్కడున్న పోలీసు నాకు తెలిసినవాడే. నా మొహం చూడకుండా, నువ్వు ఆసుపత్రికి వెళ్ళు, దీని సంగతి ఇంకెవరికైనా చెప్తాను అన్నాడు. ఈ పనికి ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. జింకను ఎత్తాను. ఆడ జింక. రోడ్డు కడిగాను. రొట్టెలు ఏరాను. ఆ తరవాత ఆసుపత్రికి వెళ్ళాను.

చెల్లెలు వరండాలో నిలబడి ఉంది. నెత్తురంటిన నా చేతుల వైపు చూసింది. అవి కడుక్కోవాలని నాకు తట్టలేదు.

"వాడిదా?" అంది.

కాదని తల ఊపాను. లోపలికి వెళ్ళి కూర్చున్నాం. అప్పటికే అంతా అయిపోయింది.

జింకను తప్పించబోయి బండి తిప్పాడని తరవాత తేల్చారు. గుద్దేసి పోవలసింది, ఏమయ్యేది కాదు అని పరామర్శకు వచ్చిన వాళ్ళు తలా ఒక మాట అన్నారు. చెల్లెలు అందరికీ కలిపి ఒక్కసారే జవాబు చెప్పింది. "వాడు చీమని కూడా తొక్కడు. నేనే అలా పెంచాను."

ఆ రోడ్డు మీద అలా పోయింది మావాడొక్కడే కాదు. జనం అడగ్గా అడగ్గా, చివరికి రోడ్డు మీదుగా జంతువులకు ఒక వంతెన కట్టారు. అది మనుషులు నడిచే వంతెనలా ఉండదు. బాగా వెడల్పు. పైన మట్టి పోసి గడ్డి, పొదలు, చెట్లు పెంచుతారు. కింద రోడ్డు కనబడకుండా రెండు పక్కలా ఎత్తు గోడలు. పెద్ద కొండ చెయ్యి చాచి చిన్న కొండను ముట్టుకున్నట్టు ఉండాలి. రోడ్డు వెంట రెండు వైపులా కంచె వేశారు. కంచె పట్టుకుని నడిచిన జంతువు వంతెన దగ్గరికే చేరుతుందని లెక్క.

చెల్లెలు పనిచేసే నర్సరీకే మొక్కలు నాటే పని వచ్చింది. వంతెన చూసుకోవడానికి పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎక్కడికక్కడ కెమెరాలు బిగించేది. నర్సరీ ఆడవాళ్ళను కూర్చోబెట్టి, చిన్న కొండ మీద మిగిలిన జింకలన్నీ దగ్గర చుట్టాలైపోయాయని, అవతల నుంచి కొత్త రక్తం రాకపోతే పుట్టే పిల్లలు బతకవని చెప్పిందట.

"అంటే పెద్ద కొండ నుంచి పెళ్ళికొడుకులు రావాలన్నమాట" అంది ఒకావిడ.

"వస్తారు సరే, నువ్వు నాటిన ముళ్ళపొదలు చూసి వెనక్కి పోకుండా ఉంటే చాలు" అంది ఇంకొకావిడ.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయికి పెళ్ళిళ్ళ పేరమ్మ అని పేరు పడిపోయింది. పిలిస్తే పలికేది కూడా.

చెల్లెలు ఆ పనికి వెళ్తుందని నేను అనుకోలేదు. వంతెన కట్టింది ఆ వంపు దగ్గరే. మొదటి రోజు పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, బండి ఎటు పక్క పడింది అని అడిగింది. చేత్తో చూపించాను. ఆ పక్కనే, వంతెన నడిమధ్య, ఒక మేడి మొక్క నాటింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఆ నర్సరీలో ఒక పద్ధతి ఉంది. నాటిన చెయ్యే నీళ్ళు పొయ్యాలి. వేరే చెయ్యి పోస్తే మొక్క అలుగుతుందంటారు. మేస్త్రీ ట్యాంకరు పెట్టి పైపుతో కొట్టిద్దామంటే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఎవరి వరస వాళ్ళదే. డబ్బాలు పట్టుకుని వంతెన ఎక్కి, నీళ్ళు పోసి, నీడన కూర్చుని కబుర్లు చెప్పుకుని, పొదల మీద తువాళ్ళు ఆరేసుకుని దిగేవాళ్ళు. మొక్కలన్నీ ఏపుగా లేచాయి. ఒక్కటి కూడా పోలేదని మేస్త్రీ అందరికీ చెప్పుకున్నాడు.

చెల్లెలు అందరూ దిగిపోయాక కూడా ఉండేది. ఒకసారి పొద్దు వాలినా రాకపోతే పిలవడానికి వెళ్ళాను. మేడి మొక్క పక్కన కూర్చుని మాట్లాడుతోంది. పక్కింటావిడ కోడలికి ఉద్యోగం వచ్చిందట, కొట్టువాడు మళ్ళీ పిల్లిని తెచ్చాడట, అది కూడా పాత పిల్లిలాగే దొంగదట. వాడు మాకు చెప్పినట్టే చెప్తోంది. ఇంట్లో ఆ మాటలేవీ నాతో అనేది కాదు. నేను పిలవకుండా కిందికి వచ్చేశాను.

వంతెన అయితే అయింది, జంతువులు మాత్రం ఎక్కలేదు. నా బండికి పని తగ్గలేదు. అవి కంచె వెంట నడిచి, వంతెన మొదట్లోకి వచ్చి, నిలబడి, వెనక్కి తిరిగేవి. మళ్ళీ కంచె వెంటే చివరిదాకా పోయి, అది ఆగిన చోట రోడ్డు మీదకు దిగేవి. కంచె చివర నుంచే నాకు ఫోన్లు వచ్చేవి.

కారణం పేరమ్మ కనిపెట్టింది. వాసన. జంతువుకు కన్నుకంటే ముక్కు ముఖ్యం. వంతెన మీద అడుగడుగునా మనిషి వాసన ఉంటే అది అడవి ఎలా అవుతుంది? ఈ మాట చెప్తే నర్సరీ ఆడవాళ్ళు, మేం రోజూ స్నానం చేస్తామమ్మా అని నవ్వారట. అయినా విన్నారు. మొక్కలు అలిగితే అలిగాయని ట్యాంకరుకు ఒప్పుకుని, వంతెన ఎక్కడం మానేశారు. గేటుకు తాళం పడింది.

చెల్లెలు మానలేదు. కంచె కింద నీటి తూము ఉంటే అందులోంచి దూరి వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఇంట్లో లేనప్పుడు పేరమ్మ మా ఇంటికి వచ్చింది. కెమెరాలో పడిన బొమ్మలు చూపించింది. ఒకదాంట్లో చెల్లెలు మొక్క పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తరవాతి దాంట్లో వంతెన మొదట్లో ఒక జింక, ముక్కు పైకెత్తి. ఆ తరవాతి దాంట్లో ఏమీ లేదు. మళ్ళీ చెల్లెలు, మళ్ళీ ముక్కెత్తిన జింక, మళ్ళీ ఖాళీ.

తప్పు పట్టడానికి రాలేదు ఆ పిల్ల. ఆవిడకి నేను ఏ నోటితో చెప్పనండీ అంది. మీరు అన్నయ్య కదా అంది. పెద్ద కొండ మీద వాగు అప్పుడే సన్నబడింది, దప్పికకు అవి దిగకుండా ఉండలేవు అంది. "ఈ ఎండాకాలం కూడా దాటకపోతే, ఇటు దారి లేదనే వాటికి అలవాటైపోతుంది. తల్లి పిల్లకి అదే నేర్పుతుంది."

చెప్తానన్నాను. చెప్పలేకపోయాను. రోజూ భోజనం దగ్గర మొదలుపెడదామనుకునేవాణ్ణి. ఎదురుగా అది వేళ్ళ సందుల్లో మట్టితో కూర్చుని తింటూ ఉంటే, ఆ మట్టి ఎక్కడిదో తెలిసి, దాన్ని కడిగెయ్యమని ఎలా చెప్పను?

చివరికి ఒక పొద్దున కంచె చివర నుంచి ఫోన్ వచ్చింది. ఆడ జింక పడి ఉంది. పాలిచ్చేది. కంచె అవతల దాని పిల్ల నిలబడి ఉంది, పోదు, రాదు. కారు అద్దం పగిలిపోయింది. కారు నడిపినవాడు గట్టు మీద కూర్చుని వణుకుతున్నాడు. మావాడి వయసే ఉంటుంది. దెబ్బలేమీ తగల్లేదు. నీళ్ళిచ్చాను. నా వల్లేనా అని అడిగాడు. కాదన్నాను. జింకను ఎక్కించుకుని బయల్దేరితే ఆ పిల్ల కంచెకు అటు పక్క నా బండి వెంటే పరిగెత్తింది. అద్దంలో కనబడినంతసేపూ పరిగెత్తింది.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు పళ్ళేలు తుడుస్తోంది.

"నువ్వు వంతెన మీదకి వెళ్ళడం మానెయ్యాలి" అన్నాను.

చేతిలో గుడ్డ ఆగలేదు. "పేరమ్మ వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళైంది."

"మరి ఇన్నాళ్ళూ మింగి కూర్చున్నావా?"

నువ్వు వెళ్తున్నంతకాలం అవి దాటవు అని చెప్పాను. ఆ పొద్దున చూసిందంతా చెప్పాను. జింక సంగతి, పిల్ల సంగతి, గట్టు మీద కుర్రాడి సంగతి. నా జన్మలో ఒక్క బిగిన అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆ అబ్బాయికి దెబ్బలు తగిలాయా?" అని అడిగింది.

"లేదు."

"వాళ్ళమ్మకి తెలుసా?"

"ఫోన్ చేసి మాట్లాడాడు."

పళ్ళెం బోర్లించింది. దాని మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. "మనవాడు ఒంటరిగా ఉండలేడన్నయ్యా. చిన్నప్పుడు స్నానానికి వెళ్ళినా తలుపు బయట నన్ను నిలబెట్టి లోపల నుంచి కబుర్లు చెప్పేవాడు. అక్కడ వాడికి తోడెవరున్నారు?"

"నువ్వు తప్పుకుంటే వస్తాయి తోడు" అన్నాను.

చెంప మీద కొడితే చూసినట్టు నా వైపు చూసింది.

"నాకో?" అంది.



మర్నాడు ఒక్కసారి వెళ్ళి వచ్చింది. పాదులో నిండా నీళ్ళు పోశానంది. అంతే, మళ్ళీ తూము వైపు వెళ్ళలేదు. కాని సాయంత్రమయ్యేసరికి కాళ్ళు ఊరుకునేవి కావు. డబ్బా నింపుకుని గుమ్మం ముందు కుండీలకు పోసేది. పోసిన వాటికే మళ్ళీ పోసేది. మందార వేరు కుళ్ళి పోయింది. ఇంక ఆపు తల్లీ, కుండీలో చేపలు పడేలా ఉన్నాయి అని నర్సరీ ఆవిడ ఒకతె అంటే కొంచెం నవ్వింది.

ఒక గాలివాన వచ్చి పోయింది. వంతెనను కడిగినట్టే కడిగింది. ఆ తరవాత పేరమ్మ బొమ్మలు పట్టుకుని రావడం మొదలుపెట్టింది. మొదట నక్క వచ్చింది. తరవాత ముళ్ళపంది, ఇల్లు కొనడానికి వచ్చినవాడిలా మూలమూలా వాసన చూస్తూ. తరవాత రెండు ఆడ జింకలు, వెనక ఒక పిల్ల. ఒక రోజు ఎలుగుబంటి, దాని కూన. ఆ కూన నడి వంతెన మీద, బస్సు కోసం చూస్తున్నట్టు, చతికిలబడి కూర్చుంది.

అందరం జంతువును చూసేవాళ్ళం. చెల్లెలు మూలల్లో వెతికేది. దీంట్లో మొక్క పడలేదేం అని అడిగేది. అది చూసి పేరమ్మ, మేడి కనబడే బొమ్మలే ఏరి తెచ్చేది. నిన్న ఎవరొచ్చారు అని, ఇంటికి వచ్చిన చుట్టాల గురించి అడిగినట్టు అడిగేది చెల్లెలు. నక్క ఒకటి మేడి మొదట్లో ముడుచుకుని పడుకున్న బొమ్మ చాలాసేపు చూసింది. "దీనికి వాడి కబుర్లు వినే ఓపిక ఉన్నట్టుంది" అంది. ఆ రోజు కడుపు నిండా తిన్నది.

నాకు ఫోన్లు తగ్గాయి. తొట్టి పొడిగా ఉండేది. సున్నం సంచి గడ్డకట్టింది.

అప్పుడు దుప్పి వచ్చింది, కొమ్ములున్న మగ జింక. పేరమ్మ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చింది. "వచ్చాడండీ పెళ్ళికొడుకు." పెద్ద కొండ దుప్పి, ఇంత కొమ్ములు. ఇన్నాళ్ళ పని దీనికోసమే అంటూ ఫోన్ చెల్లెలి చేతిలో పెట్టింది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నేను చెల్లెలి వెనక నిలబడి చూశాను.

మొదటి దాంట్లో దుప్పి వంతెన ఎక్కుతోంది. నిజంగా రాజులా ఉంది. రెండో దాంట్లో మేడిని వాసన చూస్తోంది. తరవాత తల దించింది. ఆ తరవాత మేడి పక్కకు వంగిపోయి ఉంది, కొమ్ముల సందున ఇరుక్కుని. చివరి దాంట్లో దుప్పి లేదు. చెట్టు ఉంది. కాండం మోకాలెత్తు నుంచి ఛాతీ దాకా తెల్లగా ఉంది.

కొమ్ముల మీది తోలు రాల్చుకోవడానికి అవి లేత చెట్లకేసి రుద్దుతాయి. కావాలని చేసేది కాదు. పేరమ్మకు అది తెలుసు. ఇప్పటిదాకా దుప్పినే చూసింది, చెట్టును చూడలేదు. ఇప్పుడు చూసింది. మొహంలో వెలుగు పోయింది.

"చుట్టూ బెరడు పోతే బతకదు కదా?" అంది చెల్లెలు. నర్సరీ మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా అడిగింది.

వెనక పక్క కొంచెం మిగిలి ఉండొచ్చు, బొమ్మలో తెలియదు అంది పేరమ్మ. రేపు వెళ్దాం, మట్టి పట్టించి గుడ్డ కడదాం, చుట్టూ వల వేద్దాం, ఒక్కసారికి ఏం కాదు, నేనే తీసుకెళ్తాను అంది. గబగబా చెప్పింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను పెరట్లోకి వెళ్ళి, మిగిలిపోయిన కంచె ముక్కలు తెచ్చి, చెట్టు చుట్టూ పట్టేంత బుట్టలా అల్లాను.

పొద్దున్నే చెల్లెలు తయారై బండిలో కూర్చుంది. ఒళ్ళో మట్టి ముద్ద, పాత చీర గుడ్డ. గేటు దగ్గర పేరమ్మ తాళం తీసి నిలబడింది. చెల్లెలు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వంతెన మొదట్లో నేల మెత్తగా ఉంది. దాని నిండా గిట్టల గుర్తులు. పోయినవి, వచ్చినవి. పెద్దవి, వాటి పక్కన బొటనవేలంత చిన్నవి.

"ఇది పిల్లదా?" అని అడిగింది.

"అవునండీ."

"ఇప్పుడు మనం వెళ్తే, ఇది మళ్ళీ ఎన్నాళ్ళకి వస్తుంది?"

పేరమ్మకు అబద్ధం చెప్పడం రాదు. "తెలీదండీ. మళ్ళీ వాన పడేదాకా రాకపోవచ్చు."

వానలకు ఇంకా చాలా రోజులుంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

గేటు దగ్గర్నుంచి మేడి కనబడదు. వంతెన నడుమ ఎత్తుగా ఉండి అడ్డమొస్తుంది. చెల్లెలు మునివేళ్ళ మీద లేచి చూసింది. వాణ్ణి పిలుద్దామని నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతికున్న మట్టి మొహానికి అంటుకుంది. నేను పక్కన ఉన్నాను. భుజం మీద చెయ్యి వెయ్యాలో, వద్దో తెలియలేదు.

"తాళం వెయ్యమ్మా" అంది.



తరవాత కూడా పేరమ్మ వచ్చేది, గుమ్మం బయటే నిలబడి నాకు చెప్పి పోయేది. ఒక సాయంత్రం అలా చెప్పి వెళ్ళాక నేను లోపలికి వెళ్ళాను. చెల్లెలు పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పాలు పెట్టింది.

"ఆకులు రాలిపోయాయా?" అంది.

"రాలిపోయాయి."

"అన్నీనా?"

"అన్నీ."

నేనూ కింద కూర్చున్నాను.

"బెదరకుండా దాటుతున్నాయా?"

"దాటుతున్నాయి."

తల ఊపింది. గిన్నెలో పాలు పైకి లేచాయి. అంచుదాకా వచ్చి, పొంగి, పొయ్యి మీద పడి, కిందికి కారాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. ఎవరం లేవలేదు.